భోజనపు పళ్లెములతో బయలుదేరిన యెరూషలేము పాట

2020వ సంవత్సరము క్రిస్మస్ పండుగకు రెండు వారాల ముందు ఒక సాయంకాలము మా సంఘపు యువకులు నలుగురు, వారి వెనుకనే సంఘ పెద్ద ఒకరు, మా యింటి వరండాలోనికి వచ్చారు. ఇరువురి ముఖములు చూడగానే ఇది తీర్పు చెప్పవలసిన వ్యవహారమని మాకు తెలిసిపోయింది. కారణము ఒక పాట. గల్ఫ్ దేశములో ఆసుపత్రి నర్సుగా పనిచేయుచున్న మా సంఘపు ఆడబిడ్డ ఒకతె తన తమ్ముని ఫోనుకు ఒక వీడియో పంపినది. అందులో ఆమెతోటి నర్సులు తెల్ల బట్టలతో, ముఖములకు మాస్కులతో, ఆసుపత్రి ఆవరణలో వరుసలుగా నిలువబడి ఒకే విధముగా అడుగులు వేయుచున్నారు. దానిని చూచి మన పిల్లలు చర్చి ఆవరణలో అభ్యాసము మొదలుపెట్టారు. పెద్దాయన చూచి ఆపుచేశారు.

"అయ్యగారూ, ఇది డిస్కో పాట. దేవుని మందిరము ముందర గంతులేమిటి? దూడను చేసుకొని దాని ముందర ఆడినవారి గతి ఏమైనదో వీళ్లకు మీరే చెప్పండి" అన్నారాయన.

"అయ్యగారూ, అందులో యెరూషలేము పేరు ఉందండీ. దావీదు ఆడలేదా?" అన్నాడు పిల్లలలో ఒకడు.

నిర్గమకాండము ఒకరి చేతిలో, సమూయేలు రెండవ గ్రంథము మరియొకరి చేతిలో. ఇద్దరూ వాక్యమే తెచ్చారు. మేము మాత్రము ఇబ్బందిలో పడ్డాము. ఆ పాట ఏ భాషలోనిదో, ఏమి చెప్పుచున్నదో మాకు తెలియదు. పాడినవారు ఎవరో పిల్లలకు కూడా తెలియదు. తెలియని పాటకు అనుమతి ఇవ్వలేము, తెలియని పాటను నిషేధించనూ లేము. ఆదివారము వరకు గడువు అడిగాము. ఆ తరువాత కూడా ఈ పాటనుగూర్చి వీలైనప్పుడెల్లా చదువుతూ, తెలిసినవారిని అడుగుతూ వచ్చాము. ఈనాడు పాఠకులతో పంచుకొనుచున్నది ఆ విధముగా కూడబెట్టినదే.

పాట పేరు "జెరూసలెమా". దక్షిణాఫ్రికా దేశములో పుట్టినది. భాష జులు. బాణీ కట్టినది మాస్టర్ కేజీ అను పేరుతో పిలువబడే యువకుడు. అసలు పేరు క్గావోగెలో మోఆగి, 1996లో జన్మించాడు. ఆ దేశపు ఉత్తరపు కొసన ఉన్న లింపోపో రాష్ట్రములో త్సనీన్ పట్టణపు దరిదాపుల పల్లెటూరివాడు. పాడినది నొమ్సెబో జికోడే అను సోదరి. ఆమెది మరియొక కొస. డర్బన్ రేవుకు, పీటర్‌మారిట్స్‌బర్గ్ పట్టణమునకు నడుమనున్న హ్యామర్స్‌డేల్. పీటర్‌మారిట్స్‌బర్గ్ అంటే మన పాఠకులకు తెలిసే ఉంటుంది. 1893లో గాంధీగారిని రైలు పెట్టెలోనుండి దింపివేసిన స్టేషను అదే. నొమ్సెబో చాలా యేండ్లు ఇతరుల వెనుక నిలువబడి వంతపాట పాడిన మనిషి. పేరున్నవారు ముందు, ఆమె వెనుక. మన సంఘములలో కూడా గాయక బృందము వెనుక వరుసలో యేండ్ల తరబడి నిలువబడేవారు ఉంటారు కదా, ఆ కోవకు చెందినది.

2019లో మాస్టర్ కేజీ ముందుగా సంగీతము మాత్రమే చేశాడు. కంప్యూటరుపై కూర్చిన తాళము. గుండె కొట్టుకొన్నట్లు సమముగా నిమిషమునకు నూట ఇరవైకి పైగా పడే దెబ్బలు. దీనిని ఆ దేశములో "హౌస్" సంగీతమంటారు. నాట్యశాలలలో యువజనులు అడుగులు వేయుటకు పుట్టిన సంగీతము. పెద్దాయన అన్న మాటలో ఆ మేరకు నిజమున్నది. అయితే ఆ బాణీ వింటే తనకు ఒక ఆత్మీయమైన భావము కలిగినదని ఆ యువకుడు చెప్పుకొన్నాడు. నొమ్సెబోను పిలిపించి మాటలు కూర్చి పాడించాడు. ఆ సంవత్సరాంతమున పాట వెలువడినది. వీడియో డిసెంబరులో వచ్చింది.

ఇక మాటలు. పాటలోని మాటలను ఇక్కడ వ్రాయము గాని, భావము చెప్పగలము. పాడుచున్న మనిషి యెరూషలేమును తన ఇల్లు అంటున్నది. తనను కాపాడుమని, తనతో కూడ నడువుమని, ఇక్కడ విడిచిపెట్టవద్దని ప్రభువును వేడుకొనుచున్నది. తన స్థలము ఇది కాదని, తన రాజ్యము ఇక్కడిది కాదని చెప్పుచున్నది. పాట అంతా ఇంతే. నాలుగైదు చిన్న మాటలు, తిరిగి తిరిగి అవే. ప్రకటన గ్రంథము ఇరువది యొకటవ అధ్యాయము చదివినవారికి ఆ యెరూషలేము ఏదో వేరుగా చెప్పనక్కరలేదు.

అంటే లోకమంతయు ఉల్లాసముగా అడుగులు వేసిన ఈ పాట నిజానికి ఒక ప్రార్థన. ఇంకా చెప్పాలంటే, మన ఊళ్లలో శవము ఎదుట కూర్చుండి పాడే కీర్తనల కోవకు చెందిన ప్రార్థన. ఈ సంగతి తెలిసిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ముందు ముందు చెప్పుతాము.

ఒక హౌస్ పాటలో యెరూషలేము ఎట్లు వచ్చినదని కొందరు ఆశ్చర్యపడ్డారు. దక్షిణాఫ్రికా సంఘములను ఎరిగినవారికి అది వింత కాదు. ఆ దేశపు నల్లజాతివారు సొంత పొలము, సొంత ఇల్లు పోగొట్టుకొని గనులకు, తోటలకు కూలికి పోయిన జనము. వారి చేతికి పరిశుద్ధ గ్రంథము వచ్చినప్పుడు ఐగుప్తు, బబులోను, సీయోను, యెరూషలేము అను మాటలు పుస్తకములోని ఊళ్ల పేర్లుగా మిగలలేదు. లింపోపోలోనే మోరియా అను స్థలమున్నది. ఎంగెనాస్ లెక్గన్యాని స్థాపించిన జియోన్ క్రిస్టియన్ చర్చికి అది కేంద్రము. ఈస్టరుకు లక్షలాది జనులు అక్కడికి యాత్ర చేస్తారు. ఆ సంఘపు పురుషులు ఖాకీ దుస్తులు, బరువైన తెల్ల బూట్లు ధరించి భూమి అదరునట్లు పాదములు కొట్టుచు ఆరాధిస్తారు. నొమ్సెబో పుట్టిన జులు ప్రాంతములో యెషయా షెంబే స్థాపించిన సంఘమువారికి కూడా నాట్యము ఆరాధనలో భాగము. వీరి బోధలు కొన్ని మన ప్రొటెస్టెంటు సంఘములకు పొసగవు, ఆ చర్చ ఇక్కడ అనవసరము. అక్కడి జనులకు కాలు కదపకుండ దేవుని స్తుతించుట కష్టమన్నది మాత్రమే చెప్పదలచినాము. ఆ దేశపు జాతీయగీతములోని మొదటి భాగము కూడ ఎనోక్ సొంటొంగా అను మిషను పాఠశాల ఉపాధ్యాయుడు 1897లో కట్టిన ప్రార్థన గీతమే.

ఇచ్చట మనకు సంబంధించిన సంగతి యొకటి ఉన్నది. నొమ్సెబో పుట్టిన ఆ ప్రాంతమును పూర్వము నేటాల్ అనేవారు. 1860 నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది మన దేశస్థులు చెరకు తోటలలో పనిచేయుటకు ఒప్పందపు కూలీలుగా అక్కడికి ఓడలెక్కారు. 1860 నవంబరులో డర్బన్ చేరిన మొదటి ఓడ మద్రాసు రేవునుండి వెళ్లినదే. ఎక్కినవారిలో తమిళులతో పాటు తెలుగువారు చాలామంది ఉన్నారు. వారి ఆత్మీయ అవసరముల నిమిత్తము తెలుగు బాప్తిస్టు సంఘములు తమ స్వంత కానుకలతో జాన్ రంగయ్యగారిని 1903లో నేటాల్‌కు పంపాయి. తెల్ల మిషనరీలు మన దేశమునకు వచ్చుట మనకు తెలుసు గాని, మన తెలుగు సంఘములు ఆ రోజులలోనే సముద్రము దాటించి ఒక మిషనరీని పంపినవని ఎంతమందికి తెలుసు? కెర్స్నీ అనుచోట తేయాకు తోటల కూలీల మధ్య ఆయన తెలుగు సంఘమును స్థాపించారు. తిరిగి వస్తామో రామో తెలియని ఆ కూలీలు సాయంకాలము తెలుగు కీర్తనలు పాడుకొన్న నేల, పరలోకపు ఇంటిని తలచుకొని నొమ్సెబో పాడిన ఈ పాట నేల, ఒక్కటే.

సరే, పాట ఎట్లు లోకమెక్కినదో చెప్పవలసియున్నది. అది చిత్రమైన కథ. దక్షిణాఫ్రికాలో పాటకు మంచి ఆదరణ దొరికినది గాని, సముద్రములు దాటించినది ఆ దేశము కాదు. అంగోలా. 2020 ఫిబ్రవరిలో అంగోలా రాజధాని లువాండాలో ఫెనోమెనోస్ దో సెంబా అను నాట్య బృందము ఒక వీడియో తీసినది. ఒక ఇంటి ఆవరణలో భోజనము చేయుచు, చేతిలో పళ్లెము పట్టుకొనే, ఒక్కొక్కరుగా లేచి వరుస కలిపి అడుగులు వేస్తారు. ఒక చేత పళ్లెము, మరియొక చేత ముద్ద. నవ్వుకొంటూ తింటూనే కాళ్లు కదుపుతారు. మెరుగులు లేవు, దీపములు లేవు, ప్రత్యేకమైన దుస్తులు లేవు. మన పెండ్లి ఇండ్లలో ఆఖరి బంతి వడ్డించి, వండినవారు తాము తినుటకు కూర్చున్నప్పటి వాతావరణము. అంగోలావారి వ్యవహార భాష పోర్చుగీసు. జులు మాటలు వారికి మనకెంతో వారికీ అంతే. ఆ వీడియో ముందు పోర్చుగల్‌కు, అక్కడినుండి ఐరోపా అంతటికీ ప్రాకినది.

ఆ అడుగులు నేర్చుట సులువు. కుడికాలితో నేలను నాలుగుసార్లు తట్టుట, ఎడమకాలితో నాలుగుసార్లు, పక్కకు కొన్ని అడుగులు, ఒక చిన్న గెంతుతో పావు మలుపు. చోటును బట్టి కొద్ది తేడాలున్నవి. పావు మలుపు తిరుగుటవలన వరుస కొంతసేపటికి నాలుగు దిక్కులు చూచును. ఇందువలన ఒక సంగతి జరుగుచున్నది. ఎల్లప్పుడు ముందుండేవాడు ఎవడును ఉండడు. ఒక మలుపులో ముందున్నవాడు కొంతసేపటికి వెనుక వరుసవాడగును. చేతులు పట్టుకొనుట లేదు, ఒకరినొకరు తాకుట లేదు. మనిషికి మనిషికి రెండు బారల ఎడమున్నను నాట్యము చెడదు. స్త్రీ పురుషులు జంటలు కట్టనక్కరలేదు. పెద్దాయన భయపడినది ముఖ్యముగా ఆ విషయమునకే అని తరువాత మాటలలో బయటపడినది.

అంతలో మహమ్మారి వచ్చింది. దక్షిణాఫ్రికాలో 2020 మార్చి 26 అర్ధరాత్రి, మన దేశములో మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనది. ఎవరింట వారు బందీలు. ఆసుపత్రులలో పనిచేయువారికి ఇల్లే లేదు. ఆ నెలలలో ఈ పాటకు ఆసుపత్రి నర్సులు, వైద్యులు, వంటవారు, పారిశుద్ధ్యపు పనివారు, అగ్నిమాపక దళములవారు, సన్యాసినులు, గురువులు, విమాన సిబ్బంది అడుగులు వేసి ఒకరికొకరు పంపుకొన్నారు. స్విట్జర్లాండు పోలీసులు తాము ఆడి, ఐర్లండు పోలీసులను మీరు ఆడగలరా అని పిలిచారు. 2021 ఫిబ్రవరిలో వారును ఆడి చూపించారు. 2020 జూనులో నైజీరియా గాయకుడు బర్నా బాయ్ గొంతు కలిపిన మరియొక రూపము వచ్చింది. బెల్జియం, స్విట్జర్లాండు మొదలైన దేశములలో పాట మొదటి స్థానమునకు చేరినది. ఎక్కడో వినిపించిన పాటను ఫోనుకు వినిపించి దాని పేరు తెలుసుకొనుటకు షజామ్ అను ఏర్పాటు ఉన్నది. 2020 సెప్టెంబరులో ప్రపంచమంతటా జనులు దాని సహాయముతో అత్యధికముగా వెదకిన పాట ఇదే. అంటే పేరు తెలియకుండ, భాష తెలియకుండ, ఎవరు పాడారో తెలియకుండ విని నిలిచిపోయినవారే ఎక్కువ. యూట్యూబులో దాని వీడియోను చూచిన లెక్క 50 కోట్లు దాటినది.

2020 సెప్టెంబరు 16న దక్షిణాఫ్రికా అధ్యక్షుడు సిరిల్ రామఫోసా ఆంక్షల సడలింపును ప్రకటించుచు, సెప్టెంబరు 24న రానున్న హెరిటేజ్ దినమున ప్రజలందరు ఈ పాటకు అడుగులు కలపవలసినదిగా కోరారు. అప్పటికి ఆ దేశములో అధికారిక లెక్కల ప్రకారమే 15 వేలకు పైగా చనిపోయియున్నారు. అంతమంది చనిపోయిన దేశములో అధ్యక్షుడు నాట్యము చేయుమనుట ఏమిటని మేము మొదట అనుకొన్నాము. పాట భావము తెలిసిన తరువాత ఆ ప్రశ్న అంత సులువుగా నోట రాలేదు.

ఎందుకు నిద్ర పట్టలేదో ఇప్పుడు చెప్పుతాము. అదే సంవత్సరము ఆగస్టు నెలలో మా సంఘ పెద్దగారి తమ్ముడు జిల్లా ఆసుపత్రిలో కోవిడ్‌తో మరణించారు. మృతదేహము సంచిలో వచ్చింది. తలనుండి పాదముల వరకు కప్పుకొన్న నలుగురు దింపారు. పెద్దాయన, మేము, మృతుని కుమారుడు, ముగ్గురము దూరముగా నిలువబడ్డాము. ఆరడుగుల లోతు, పది నిమిషముల పని. ఒక్క కీర్తన పాడలేదు. పాడుటకు మనుషులు లేరు, ఉన్న ముగ్గురికి గొంతు రాలేదు. నలభై యేండ్లు తబలా వాయించి సంఘమంతటిచేత పాడించిన మనిషి, మట్టి చప్పుడు తప్ప మరి యే శబ్దము లేకుండ వెళ్లిపోయాడు. ఆ నాలుగు నెలలలో పెద్దాయన ఆ సంగతి ఎవరితోను ఎత్తలేదు. పిల్లలు ఫోనులో పాట పెట్టి గంతులు వేయుచుంటే ఆయన కోపము దూడను గూర్చినదో, తమ్ముని గూర్చినదో ఆయనకే తెలియవలెను.

ఆదివారము ఆరాధన పిమ్మట ఇరుపక్షములను కూర్చుండబెట్టి పాట భావము తెలుగులో వివరించాము. పిల్లలు తెల్లబోయారు. "ఇది చావు పాటా అయ్యగారూ?" అన్నాడొకడు. "ప్రయాణపు పాట బాబూ" అన్నాము. పెద్దాయన ఏమియు మాటలాడలేదు. పక్కనే గోడకు ఆనుకొని కూర్చున్న మామ్మగారు ఒకరు, ఎనభై దాటిన మనిషి, అందుకొన్నారు. "మా చిన్నప్పుడు క్రిస్మస్‌కి గుడి ముందే మా నాన్నా వాళ్లూ చెక్కభజన చేసేవోరు. గజ్జెలు కట్టుకోని, యేసుప్రభువు పుట్టిన పాటకే. తరవాత వచ్చిన అయ్యగారు వొద్దంటే మానేశారు. ఆ చెక్కలు మా అటక మీద ఉండాలి చూడండి." ఆ మాటలు విని మేము కొంచెము తల వంచుకొన్నాము. వద్దన్న ఆ కాపరి ఎవరో మాకు తెలియదు. మేమైనను ఆ కాలములో ఆ పనే చేసియుందుమేమో.

అయినను పెద్దాయన పక్షమున ఒక మాట చెప్పక తప్పదు. భావము తెలియకుండ పాడుట, ఆడుట మంచి అలవాటు కాదు. లోకములో ఈ పాటకు అడుగులు వేసినవారిలో ఎక్కువమందికి అది ప్రార్థన అని తెలియదు. మద్యము దుకాణములలోను మ్రోగినది, పెండ్లి ఊరేగింపులలోను మ్రోగినది. ప్రార్థనకు అర్థము తీసివేసి తాళము ఒక్కటే ఉంచుకొంటే మిగిలేది ఏమిటని ఆయన అడిగితే మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రము అనగలము. కీర్తనల గ్రంథములో 120 మొదలుకొని 134 వరకు యాత్ర కీర్తనలున్నవి. యెరూషలేమునకు నడచి వెళ్లేవారు అలసట తెలియకుండ పాడుకొన్నవి. వారి పక్కన నడచిన పిల్లలందరికి అర్థము తెలిసియుండునా? కాళ్లు ముందు నేర్చుకొనును, మనస్సు వెనుకనుండి వచ్చును. మా విషయములో అట్లే జరిగినది. పిల్లల కాళ్లు కదలకపోయినచో మేము ఈ పాట భావము వెదకియుండేవారము కాము.

ఈ పాట విజయములో చేదు కూడ ఉన్నది, దానిని దాచుట న్యాయము కాదు. 2021లో జర్మనీ దేశములో ఆడి వీడియోలు పెట్టిన కొన్ని సంస్థలకు పాట హక్కులు గల వార్నర్ మ్యూజిక్ సంస్థనుండి రుసుము చెల్లించుమని ఉత్తరములు వచ్చాయి. వాటిలో అగ్నిమాపక దళములు, ఆసుపత్రులు ఉన్నవి. నార్త్ రైన్ వెస్ట్‌ఫేలియా రాష్ట్రపు హోము శాఖ తన పోలీసులు ఆడినందుకు సొమ్ము చెల్లించినది. మహమ్మారిలో అలసిపోయినవారు ఊరటకు ఆడితే డబ్బు అడుగుతారా అని చాలామంది మండిపడ్డారు. మాకును మొదట అట్లే తోచినది.

కాని రెండవ వైపు చూడండి. అదే 2021 జూలైలో పాట పాడిన నొమ్సెబో, పాట ఇంత పేరు తెచ్చినను సంస్థనుండి తనకు రావలసిన సొమ్ము ఇంకను అందలేదని బహిరంగముగా చెప్పినది. ఆమెకు సగము వాటా ఒప్పుకొన్నామని మాస్టర్ కేజీ బదులు చెప్పాడు. ఇరుపక్షముల మాటలు పత్రికలకెక్కాయి. ఎవరిది ఎంత నిజమో తీర్చుట మా పని కాదు. లోకమంతా ఆడిన పాటకు గొంతిచ్చిన మనిషి తన కూలి అందలేదని చెప్పుకోవలసి వచ్చినదన్నది మాత్రము మనస్సులో ముల్లుగా ఉన్నది. ఆ దేశములో ఇట్టి కథకు పాత రూపము కూడ ఉన్నది. సోలొమోన్ లిండా అను జులు కూలీ 1939లో జొహన్నెస్‌బర్గ్‌లో సింహమును గూర్చి ఒక పాట రికార్డు చేశాడు. చేతికి వచ్చినది 10 షిల్లింగులు. ఆ బాణీ అమెరికా చేరి, 1961లో ఇంగ్లీషు మాటలతో లోకప్రసిద్ధమై, 1994లో ద లయన్ కింగ్ సినిమాలోనికి కూడ ఎక్కినది. లిండా 1962లో పేదవాడుగానే చనిపోయాడు. అతని కుమార్తెలకు ఒప్పందము ద్వారా కొంత న్యాయము జరిగినది 2006లో.

జర్మనీ సంస్థలను, ఆ దేశపు కంపెనీలను అనుట సులువు. మేమును చేతులు కడుగుకొనలేము. మా యౌవన కాలములో, 1990లలో, క్రైస్తవ గీతముల క్యాసెట్టు ఒకటి కొని, పట్టణములో రికార్డింగు దుకాణమునకు తీసికొనిపోయి ఐదారు ఖాళీ క్యాసెట్టులలోనికి ఎక్కించుకొని వచ్చేవారము. సువార్త వ్యాపించుచున్నది కదా అని సంతోషించేవారము. ఆ పాటలు వ్రాసి పాడినవారి ఇంటిలో పొయ్యి వెలిగినదో లేదో ఆలోచించినవారము కాము. ఇప్పుడు ఫోనులు వచ్చాక ఆ ఐదు క్యాసెట్టులు ఐదు వందల మందికి పంపుటగా మారినది. అంతే తేడా. మీ సంఘములో పండుగలకు పాట కట్టి ఇచ్చేవారు ఉంటే వారికి ఏమి ఇస్తున్నారో ఒకసారి లెక్క చూచుకొనండి. మా సంఘములో చూచాము. శాలువా కప్పుట తప్ప ఏమియు ఇవ్వలేదని తేలినది. 2021 నుండి పద్దులో ఒక వరుస చేర్చాము. చిన్న మొత్తమే.

మాస్టర్ కేజీకి 2020లో ఎమ్‌టీవీ ఐరోపా సంగీత పురస్కారములలో ఉత్తమ ఆఫ్రికా కళాకారుడను బహుమానము దొరికినది. నొమ్సెబో 2023 ఫిబ్రవరిలో మరియొక పాటకు, "బయేతే" అనుదానికి, వౌటర్ కెల్లర్‌మాన్, జేక్స్ బాంట్వినీలతో కలిసి గ్రామీ బహుమానము అందుకొన్నది. వెనుక వరుసలో అన్ని యేండ్లు నిలువబడిన మనిషి. ఆ వార్త చదివిన దినమున మా యింటిలో పండుగయే.

ఆ 2020 క్రిస్మస్ సంగతి చెప్పి ముగిస్తాము. ఆరాధనలో కాక, ఆరాధన ముగిసి భోజనములు వడ్డించుటకు ముందు, ఆవరణలో ఆడుకొనవచ్చునని నిర్ణయించాము. ఆడుటకు ముందు ఒక పిల్లవాడు నిలువబడి భావము తెలుగులో చదువవలెనని షరతు పెట్టాము. చదివాడు. పదకొండుమంది వరుస కట్టారు, మాస్కులతో, దూరదూరముగా. మామ్మగారు కుర్చీలో కూర్చుండియే కుడికాలు తట్టనారంభించారు. పెద్దాయన వేపచెట్టు క్రింద నిలువబడి చూచారు. చప్పట్లు కొట్టలేదు, వెళ్లిపోనూ లేదు. రెండవ మలుపు తిరిగినప్పుడు వరుస ముఖములు ఆయన వైపునకు వచ్చాయి. వారిలో ఆయన తమ్ముని కుమారుడు ఉన్నాడు. తండ్రిని మట్టిలో పెట్టినప్పుడు మాతోపాటు నిలువబడిన పిల్లవాడే. పాట ముగియువరకు ఆయన వానివైపే చూచుచున్నారు.

2021 ఆగస్టులో తమ్ముడు పోయి సంవత్సరమైన దినమున పెద్దాయన మా యింటికి వచ్చి, "అయ్యగారూ, ఆ రోజు పాడని పాటలు ఇవాళ పాడుదామండీ" అన్నారు. సాయంకాలము ముప్పది మందిమి సమాధి దగ్గరకు వెళ్లాము. తబలాను తమ్ముని కుమారుడు మోసికొని వచ్చాడు. వానికి సరిగా వాయించుట రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఆయనకు ఇష్టమైనవి ఏడు పాడాము. చీకటి పడి పుస్తకము కనబడకపోయినను మరి రెండు పాడాము. జెరూసలెమా ఎవరును పెట్టలేదు, పెట్టుమని ఎవరును అడుగలేదు. తిరిగి వచ్చునప్పుడు మాత్రము పిల్లలలో ఒకడు దానిని సన్నగా ఈలవేయుచు ముందు నడుచుచుండగా, పెద్దాయన వానిని ఆపుమనలేదు.